ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ మిస్సింగ్: ఏ సిలిండర్‌దో పట్టుకోవడం ఎలా

సాలూరు దాటి ఘాట్ మొదలయ్యాక మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే, వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు బండి కుదిపింది. ఇంకోసారి తొక్కితే ఇంకో కుదుపు. మీటర్లో ఇంజన్ బొమ్మ పసుపు లైటు టపటపా కొట్టుకుంటోంది. విజయనగరంలో పెళ్లి చూసుకుని ఒడిశాలోని జయపురం తిరిగొస్తున్నాం. వెనక సీట్లో అత్తగారు, పిల్లలు. డిక్కీ నిండా సామాను. సుంకి దగ్గర కాస్త వెడల్పు చోటు చూసి ఆపాను. ఆపాక ఇంజన్ ఏమీ ఎరగనట్టు నున్నగా తిరుగుతోంది!

పక్కన లారీ ఆపుకుని టీ తాగుతున్న డ్రైవరొకాయన వచ్చి బానెట్లోకి తొంగిచూశాడు. "ఏటి బాబూ, మిస్సింగా?"

"ఔనండీ. ఎక్కేటప్పుడే వస్తోంది, ఆపితే లేదు."

"ఎక్కేటప్పుడే అంటే కరెంటు పనే అయ్యుంటాది. ఊరెళ్లాక కాయిళ్లు చూయించు. ఇప్పుడు మట్టుకు రెండో గేరులో మెత్తగా పో."

కాయిళ్లంటే ప్లగ్గులకి స్పార్క్ కోసం వేల వోల్టులు అందించేవి. ఆ మాట చెవిన పెట్టి ఉంటే నాకు నాలుగు వేలు మిగిలేవి. ఊళ్లో మిస్త్రీకి అప్పజెప్పాను. ఆయన నాలుగు ప్లగ్గులూ మార్చాడు, త్రాటిల్ బాడీ కడిగాడు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేశాడు. ఊళ్లో తిరిగితే బ్రహ్మాండంగా ఉంది. రెండు వారాల తర్వాత మళ్లీ ఘాట్ ఎక్కితే అదే మలుపుల్లో అదే కుదుపు. అప్పుడు కూర్చుని నేనే వెతికాను. ముప్పావు గంటలో దొరికింది. ఆ వెతికిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. మిస్సింగ్ అంటే సిలిండర్లో పెట్రోలు మండాల్సినప్పుడు మండకపోవడం. ఇది పెట్రోల్ కార్ల సంగతి. డీజిల్‌లో స్పార్క్ ప్లగ్గే ఉండదు కాబట్టి దాని లెక్క వేరు.

ఒక్క నియమం పెట్టుకోండి: మిస్సింగ్ ఎప్పుడు వస్తోంది, ఏ సిలిండర్లో వస్తోంది అన్న రెండూ తేలేదాకా ఒక్క పార్టు కూడా కొనొద్దు.

లైటు కొట్టుకుంటుంటే

ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే ఇంటిదాకా నెమ్మదిగా పోవచ్చు. వెలిగి ఆరుతూ కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే కాలు తీయాలి. మండని పెట్రోలు సైలెన్సర్ గొట్టంలోకి పోయి, అక్కడ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లో మండుతుంది. దాని లోపలి తేనెపట్టులాంటి గూడు ఆ వేడికి కరిగిపోతుంది. కాయిల్‌తో పోయే ఖర్చు కాస్తా దానికి ఎన్నో రెట్లవుతుంది. హెయిర్‌పిన్ మలుపులో ఆపకండి. కింది గేరులోకి దించి, కాలు తేలిగ్గా పెట్టి, వెడల్పు చోటు వచ్చేదాకా పోనిచ్చి ఆపండి. ఎండాకాలమైతే రాలిన ఆకులు, ఎండుగడ్డి మీద ఆపొద్దు. కన్వర్టర్ అప్పటికి నిప్పులా ఉంటుంది.

ఇది మిస్సింగేనా?

మన వైపు ఈ అనుమానం ముందు తీర్చుకోవాలి. కొరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. టర్బో లేని ఇంజన్ ప్రతి వంద మీటర్ల ఎత్తుకీ ఇంచుమించు ఒక శాతం బలం కోల్పోతుంది. కాబట్టి విజయనగరంలో ఉన్న పికప్ కొరాపుట్ దగ్గరి సెమిలిగుడలో లేదంటే అది జబ్బు కాదు, గాలి పలచన. అలాంటి నీరసం ఒకేలా, మెత్తగా ఉంటుంది, కుదుపు ఉండదు. మిస్సింగ్‌కి లయ ఉంటుంది. ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్ 400 సార్లు మండాలి. నాలుగింటిలో ఒకటి మండకపోతే ఆ ఖాళీ స్టీరింగ్‌లోనూ సీటులోనూ తెలుస్తుంది. సైలెన్సర్ చివర, తగలకుండా కాస్త దూరంగా, ఒక కాగితం పట్టుకుని చూడండి. మంచి ఇంజన్‌కి కాగితం ఒకే తీరున రెపరెపలాడుతుంది. మిస్సింగ్ ఉంటే మధ్యమధ్య తడబడుతుంది.

క్లచ్ జారినా పికప్ పోతుంది. కానీ అప్పుడు ఇంజన్ మోత పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు. తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ఎప్పుడు వస్తోంది?

ఒక చిన్న పుస్తకంలోనో ఫోన్లోనో రాసుకోండి. నవ్వులాటగా అనిపిస్తుంది గానీ సగం రోగం ఇక్కడే తేలుతుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు, నిండా లోడున్నప్పుడే వస్తే ముందుగా స్పార్క్‌ని అనుమానించండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్ సందు మీదుగా నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. నీరసపడ్డ కాయిల్ ఐడిల్‌లో నెట్టుకొస్తుంది, ఘాట్‌లో చేతులెత్తేస్తుంది. షెడ్డులో నిలబెట్టి రేజ్ చేసి "బాగానే ఉంది కదండీ" అనే మిస్త్రీకి ఈ రోగం దొరకనిది అందుకే. సీఎన్‌జీ కిట్టు ఉంటే ఇది ఇంకా ముందే బయటపడుతుంది. ఆ గ్యాస్‌ని అంటించడానికి పెట్రోలు కంటే గట్టి స్పార్క్ కావాలి.

ఐడిల్‌లో కొట్టుకుని, రేజ్ చేయగానే సర్దుకుంటే ఎక్కడో దొంగగాలి, అంటే లెక్కకు రాని గాలి, సందులోంచి ఇంజన్లోకి పోతోంది. పొద్దున్నే చల్లటి ఇంజన్‌తో ఒక నిమిషం కొట్టుకుని తర్వాత మామూలైతే ప్లగ్గులు, కారుతున్న ఇంజెక్టర్, లేదా రాత్రంతా సిలిండర్లోకి కొద్దికొద్దిగా దిగిన కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు). పెట్రోలు పోయించిన రోజు నుంచే మొదలైతే ఆ పెట్రోలే. బండి కడిగించాక, వాన తర్వాత వస్తే ప్లగ్ గుంటల్లోకి నీళ్లు. నెల రోజులు కదలకుండా ఉన్న బండికి వస్తే ముందు ఎలుకలు కొరికిన వైర్ల కోసం చూడండి. ధాన్యం ఇంటికొచ్చే రోజుల్లో, గాదె పక్కన పెట్టిన బండికి ఇది మరీ మామూలు.

కోడ్ చదవడం

తప్పు జరిగినప్పుడు బండి కంప్యూటర్ ఒక కోడ్ రాసిపెట్టుకుంటుంది. దాన్ని చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో గుచ్చి, తాళం ఆన్ చేసి, ఫోన్లో యాప్‌తో కలపండి. మరీ పాత కార్లలో ఇది పనిచేయకపోవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో ఇబ్బంది ఉండదు.

పి0301 అంటే మొదటి సిలిండర్, పి0302 అంటే రెండోది, అలా వరసగా. పి0300 అంటే ఒక్కదాని మీద నిలవని మిస్సింగ్. అది వస్తే అన్ని సిలిండర్లకీ ఉమ్మడిగా ఉండే వాటిని చూడాలి: పెట్రోలు, దొంగగాలి, బ్యాటరీ ఎర్త్ వైరు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) సెన్సర్, సాగిన టైమింగ్ చైన్. ఇంకో చిత్రం ఉంది. కంప్యూటర్ మిస్సింగ్‌ని నేరుగా చూడదు. క్రాంక్ తిరిగే వేగంలో వచ్చే చిన్న తడబాటును బట్టి ఊహిస్తుంది. గతుకుల రోడ్డు మీద చక్రాల కుదుపు వెనక్కి పాకి క్రాంక్‌ని కదిలిస్తే కొన్ని కార్లు దాన్ని కూడా మిస్సింగ్ అనుకుంటాయి. గుంతల దారిలో ఒక్కసారి పి0300 వచ్చి, బండిలో ఏ తేడా కనిపించకపోతే కంగారు పడొద్దు.

కోడ్ చెరిపేసే ముందు దానితోపాటు దాచిపెట్టిన ఫ్రీజ్ ఫ్రేమ్ తెరవండి. కోడ్ పడ్డ క్షణంలో ఇంజన్ ఎలా ఉందో అందులో ఉంటుంది. నాది పి0302. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో 2,400 ఆర్‌పీఎం, లోడు 88 శాతం, కూలెంట్ వేడి 93 డిగ్రీలు. ఘాట్‌లో మూడో గేరు కళ్లకు కట్టినట్టుంది. మిస్త్రీ అయితే స్కానర్ పెట్టగానే చెరిపేశాడు. లైటు ఆరింది కదా అని నేనూ సంతోషించాను. చెరపడం వైద్యం కాదు, చీటీ చింపేయడం.

స్కానర్ లేకపోతే

ఇంజన్ ఐడిల్‌లో ఉంచి ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటే ఊడదీసి, వెంటనే తిరిగి పెట్టండి. బాగా పనిచేసే సిలిండర్‌ది తీస్తే ఇంజన్ తడబడుతుంది, శబ్దం మారుతుంది. దేన్ని తీస్తే ఏ మార్పూ రాదో అదే చచ్చిన సిలిండర్. కాయిల్ కాకుండా ఇంజెక్టర్‌దే ఎందుకంటే, అప్పుడు ఆ సిలిండర్లోకి పెట్రోలే పోదు, కన్వర్టర్ బతికిపోతుంది. పాత మిస్త్రీలు ఇంజన్ నడుస్తుండగా ప్లగ్ వైరు చేత్తో లాగి చూస్తారు. మీరు చేయకండి. అందులో వేల వోల్టులుంటాయి.

సిలిండర్ల లెక్క చాలా నాలుగు సిలిండర్ల కార్లలో బెల్టులున్న వైపు నుంచి మొదలవుతుంది. మీ మాన్యువల్లో ఒకసారి చూసుకోండి. ఇక్కడ లెక్క తప్పితే అంతా తప్పే.

కాయిల్ అటూ ఇటూ మార్చడం

ఈ ఒక్క పరీక్ష వస్తే చాలు, సగం మిస్సింగులు ఇంట్లోనే పట్టుకోవచ్చు. ప్లగ్‌కొక కాయిల్ ఉన్న బండ్లలో రూపాయి ఖర్చు లేదు.

ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. తాళం తీసేయండి. రెండో సిలిండర్ మీద కోడ్ ఉందనుకుందాం. రెండో కాయిల్ కనెక్టర్ లాక్ నొక్కి మెల్లగా తీయండి. ఎండకి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది, లాగితే విరుగుతుంది. కాయిల్ బోల్టుకి సాధారణంగా 10 నంబరు పానా సరిపోతుంది. బోల్టు తీశాక కాయిల్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పి, అప్పుడు పైకి లాగండి. తిప్పకుండా లాగితే కింది రబ్బరు గొట్టం చిరిగి గుంటలోనే ఉండిపోతుంది. మూడోదాన్నీ అలాగే తీసి, దీన్ని అక్కడ, దాన్ని ఇక్కడ పెట్టండి. కాయిళ్ల మీద సుద్దముక్కతో 2, 3 అని ముందే రాసుకోండి. తర్వాత కోడ్ చెరిపి, మిస్సింగ్ వచ్చే చోటికే, వచ్చే గేరులోనే బండి తీసుకెళ్లండి.

ఇప్పుడు కోడ్ పి0303గా మారిందా? కాయిల్‌తోపాటు రోగమూ నడిచింది. దొంగ దొరికాడు. పి0302గానే ఉందా? కాయిల్ నిర్దోషి. ఇదే ఆటను ప్లగ్గులతో ఆడండి, ఆ తర్వాత వీలైతే ఇంజెక్టర్లతో. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండూ కలిపి మారిస్తే దేనివల్ల కోడ్ కదిలిందో తెలియదు.

ప్లగ్ వైర్లతో, రెండు సిలిండర్లకి ఒక కాయిల్ ఉండే పాత బండ్లలో 1, 4 ఒక జంట; 2, 3 ఒక జంట. జంటలో రెండూ ఒకేసారి మిస్ కొడితే కాయిల్. ఒక్కటే కొడితే వైరో, ప్లగ్గో. ఈ బండ్లకి ఇంకో చక్కటి పరీక్ష ఉంది. చీకటి పడ్డాక బానెట్ తెరిచి, ఇంజన్ నడుస్తుండగా పిచికారీ సీసాతో వైర్ల మీద నీళ్లు తుంపరగా చల్లండి. వైరు చిట్లి ఉంటే నీలిరంగు మెరుపులు గంతులేస్తూ కనిపిస్తాయి. చేతులు, చీర కొంగులు, తువ్వాళ్లు ఫ్యాను బెల్టుకి దూరంగా ఉంచాలి సుమా.

ప్లగ్ ఏం చెబుతోంది

ప్లగ్ విప్పే ముందు గుంటలోకి గాలి కొట్టండి. పంక్చర్ షాపులో గాలి పైపు అయినా సరే. లేదంటే గుంటలోని ఇసుక రేణువులు సిలిండర్లోకి పడతాయి. గుంటలో టార్చ్ వేసి చూడండి. నా బండిలో రెండో గుంట అడుగున నూనె మెరుస్తోంది. టాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగ్ గట్టిపడి, కొద్దికొద్దిగా కారుతోంది. ఆ నూనెలో నానిన కాయిల్ రబ్బరు ఉబ్బి, లోపల వెంట్రుకంత చీలిక. ప్లగ్ తెల్లటి పింగాణీ మీద, పైనుంచి లోహం దాకా, పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి బూడిద రంగు గీత. స్పార్క్ ప్లగ్ కొస దాకా వెళ్లకుండా ఆ గీత వెంట పక్కదారి పట్టి ఇంజన్ బాడీలోకి దిగిపోతోంది. ఆ ప్లగ్ రెండు వారాల కిందటే కొత్తగా వేసింది! పాత రబ్బరు కొత్త ప్లగ్‌ని కూడా పాడు చేసింది. ఇలాంటి గీత కనిపిస్తే ప్లగ్గు, రబ్బరు రెండూ మార్చాలి. ఒకటి మారిస్తే రెండోది దాన్ని మళ్లీ చెడగొడుతుంది.

ప్లగ్ కొస రంగు కూడా చదవాలి. లేత గోధుమ, బూడిద రంగు ఉంటే ఆరోగ్యం. పొడిగా నల్లటి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. నల్లగా జిడ్డుగా ఉంటే లోపలికి ఇంజన్ ఆయిల్ వస్తోంది. పెట్రోలు వాసనతో తడిగా ఉంటే ఆ సిలిండర్ అసలు మండడం లేదు. తెల్లగా పాలిపోయి, పొక్కులు లేచి ఉంటే వేడి మితిమీరింది. నాలుగూ ఒకేలా ఉన్నాయా, ఒకటే తేడాగా ఉందా అన్నది రంగు కంటే ముఖ్యం. విప్పిన ప్లగ్గుల్ని కాగితం మీద వరసలో పెట్టుకోండి, కలిపేయకండి.

సందును ఫీలర్ గేజ్‌తో కొలవండి. చాలా కార్లకి 0.7 నుంచి 1.1 మి.మీ. మధ్య ఉంటుంది, మీ బండి అంకె మాన్యువల్లో ఉంటుంది. అరిగి సందు పెరిగితే కాయిల్ మీద బరువు పెరిగి అదీ త్వరగా పోతుంది. బిగించేటప్పుడు మొదట వేళ్లతోనే తిప్పండి. ప్లగ్ వంకరగా ఎక్కి అల్యూమినియం హెడ్‌లో మర కోసుకుపోతే హెడ్ దించాల్సి రావచ్చు. డూప్లికేట్ ప్లగ్గులు మార్కెట్లో చాలానే ఉన్నాయి కాబట్టి బిల్లు ఇచ్చే చోటే కొనండి. వైజాగ్ వెళ్లే చుట్టాలుంటే చీటీ రాసి ఇవ్వడం నా అలవాటు.

స్పార్క్ బాగుంటే: గాలి, పెట్రోలు

స్కానర్లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూడండి. ప్లస్ 10 శాతం లోపుంటే మామూలే. అంతకు మించితే ఇంజన్‌కి గాలి ఎక్కువై గానీ పెట్రోలు చాలక గానీ, కంప్యూటర్ అదనంగా పెట్రోలు కలుపుతోందని అర్థం. ఐడిల్‌లో ఎక్కువుండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర తగ్గితే దొంగగాలి. బుసలాంటి శబ్దం కోసం రబ్బరు పైపులు, ఇన్‌టేక్ ప్యాకింగ్ చుట్టూ వినండి. అనుమానమున్న చోట సబ్బునీళ్లు చల్లితే శబ్దమో ఐడిలో మారుతుంది. కార్బ్ క్లీనర్ చల్లేవాళ్లున్నారు గానీ, వేడి ఇంజన్ మీద అది అంటుకునే సరుకు. నేను చేయను.

అదే లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోలు చాలడం లేదు: పంపు నీరసమో, ఫిల్టర్ మూసుకుపోవడమో. ఇది గేజ్ పెట్టి చూడాల్సిన పని. చాలా కార్లకి 3 నుంచి 4 బార్ ప్రెజర్ ఉండాలి. ఇంజెక్టర్ పనిచేస్తోందో లేదో మాత్రం పొడవాటి స్క్రూడ్రైవర్ కొస దాని మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే తెలుస్తుంది. టిక్ టిక్‌మని వినిపించాలి. నాలుగింటిలో ఒకటి మూగగా ఉంటే దొరికినట్టే.

పెట్రోలు మీద అనుమానముంటే గాజు సీసాలో కొంచెం పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. ఇప్పుడు పంపుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది. నీళ్లు మోతాదు మించితే ఇథనాల్‌తో కలిసి అడుగుకి దిగి వేరే పొరగా నిలుస్తుంది. ట్యాంకులో పంపు పీల్చేది ఆ అడుగు నుంచే. ఘాట్ దారుల్లో కిళ్లీకొట్ల దగ్గర సీసాల్లో అమ్మేదాన్ని గత్యంతరం లేకపోతే తప్ప పోయించకండి.

చివరిగా కంప్రెషన్

పైవన్నీ బాగుండి, ఒకే సిలిండర్ మొండికేస్తే కంప్రెషన్ (పిస్టన్ పైకొచ్చేటప్పుడు సిలిండర్లో కలిగే ఒత్తిడి) చూడాలి. ఇది మంచి మిస్త్రీ దగ్గర, మీ కళ్ల ముందు చేయించండి. ఇంజెక్టర్లు, కాయిళ్లు కనెక్షన్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. పెట్రోల్ ఇంజన్లలో సాధారణంగా 150 నుంచి 200 పీఎస్‌ఐ మధ్య వస్తుంది. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పది పదిహేను శాతం మించి తేడా ఉంటే లోపల ఏదో ఉంది. తక్కువ వచ్చినదాంట్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ ప్యాకింగ్. ఈ పరీక్ష చేయకుండా "ఇంజన్ దించాలి" అన్నవాళ్లకి నమస్కారం పెట్టి వచ్చేయండి.

బాగయ్యాక

కాయిల్, ప్లగ్గు, టాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చాను. ప్యాకింగ్ మార్చకపోతే కొత్త కాయిల్ కూడా ఆరు నెలల్లో నూనెలో నానేది. కోడ్ చెరిపాక లైటు వెలగలేదని వెంటనే నమ్మకండి. చాలా బండ్లలో మొదటిసారి తప్పు కనిపిస్తే పెండింగ్ కోడ్‌గా లోపలే ఉంచుతుంది, తర్వాతి ప్రయాణంలో మళ్లీ కనిపిస్తేనే లైటు వెలిగిస్తుంది. అందుకే రెండు మూడు రోజులు నడిపాక పెండింగ్ కోడ్లు తెరిచి చూడాలి. నేను ఆదివారం పొద్దున పనిలేకపోయినా సాలూరు దాకా దిగి, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు వేసుకుని, మూడో గేరులో ఘాట్ ఎక్కాను. సుంకి దగ్గర అదే చోట ఆపి స్కానర్ పెట్టాను. పెండింగ్ కోడ్లు: సున్నా. బియ్యం ఎందుకని ఇంట్లో అడిగితే, రేటు తక్కువుంది అన్నాను.